తండా ముచ్చట లేని చరిత్ర

ఆగస్టు 17

హమ్మయ్య, కబడ్డీ క్లబ్బు పీడ వదిలింది. ఇకనుంచి సాయంత్రాలు నావి. అండాలుతో కూడా చెప్పేశాను, "ఇగ నేను గ్రౌండు మొకం సూడ" అని. తను చేటలో బియ్యం చెరుగుతూ "మంచిది, దొడ్డి తడక ఊడిపోయింది, కట్టు" అంది. ఇన్నేళ్ళ కాపురంలో నా నిర్ణయాలకు నా భార్య ఇచ్చే విలువ ఇది.

ఈల అటక మీద పడేశాను.

మొన్న గూడూరులో జరిగింది రాసుకోవలసిన అవసరం లేదు. అయినా రాస్తున్నాను. రేపు ఎవరైనా తిప్పి చెబితే నాకైనా సరిగ్గా గుర్తుండాలి కదా. పంద్రాగస్టు మండల పోటీలకు ఎప్పటిలాగే ఒకే జట్టుగా వెళ్ళాం, మా రేగులగట్టు ఊరివాళ్ళూ ఎర్రవాగు తండావాళ్ళూ కలిపి. అక్కడ ఈసారి ఆధార్ కార్డులు చూశారు. తండా వేరే పంచాయతీ అయ్యింది కాబట్టి కలిపి ఆడనివ్వం, ఒక పంచాయతీకి ఒక జట్టు అన్నారు. ఆ మైదానంలోనే చెట్టు కింద రెండు ముక్కలయ్యాం. ఊరి జట్టుకు నా మేనల్లుడు పరశురాములు కెప్టెన్. తండా జట్టును, ఇన్నేళ్ళూ నాతో కలిసి క్లబ్బు నడిపిన హరిలాల్ నిలబెట్టాడు. చీటీలు తీస్తే మొదటి ఆటే మాకూ మాకూ పడింది. రెఫరీ రాలేదని ఈల తెచ్చి నా చేతిలో పెట్టారు. చూడండి వాళ్ళ తెలివి.

ఆఖరి కూతకు వచ్చిన తండా పిల్లవాడు ఇద్దరిని తాకాడు, తప్పించుకుని వెనక్కి వెళ్తూ పక్క గీత తొక్కాడు. ఔట్ ఇచ్చాను. ఊరు గెలిచింది. హరిలాల్ అందరి ముందూ "ఊరోని కండ్లకు ఊరే గనవడుతది" అన్నాడు. నేనూ ఒక మాట అన్నాను.

గీత తొక్కాడు. నా కళ్ళతో నేను చూశాను.

ఆగస్టు 18

దొడ్డి తడక కట్టాను.

ఆగస్టు 19

సాయంత్రం పొలం దాకా వెళ్ళి వచ్చాను. దారిలో పాత గ్రౌండు తగిలింది. గడ్డి మొలుస్తోంది. అప్పుడే అంత గడ్డా?

ఇంటికి వచ్చాక అండాలు అడిగింది, "పొలం తూర్పుకున్నది. గ్రౌండు పడమటికున్నది. ఎట్ల తగిలింది?" అని.

"చుట్టు తిరిగి పోయిన. నడుస్తె షుగర్‌కు మంచిదట."

"నీకు షుగర్ లేదు."

"రాకుండనే నడుస్తున్న" అన్నాను. అండాలు నవ్విందో లేదో చీకట్లో కనబడలేదు.

ఆగస్టు 21

పరశురాములు వచ్చాడు. దసరా పోటీలు ఈసారి ఊరి తరఫునే జరుపుతారట. భూపాలపల్లి జట్టుకూ జనగామ జట్టుకూ స్టేషన్ ఘన్‌పూర్ వాళ్ళకూ ఫోన్లు చేసేశాడు. బడి వెనక కొత్త కోర్టు వేస్తాడట. నాకెందుకు చెబుతున్నావంటే అసలు సంగతి బయటపెట్టాడు.

"మామా, క్లబ్బుకు నలభై ఏండ్లాయె. చరిత్ర ఒక పేజీ రాసియ్యి, కరపత్రంల ఏస్తం. నీకంటె ఎక్కువ ఎవలకెర్క?"

"నేను క్లబ్బు ఇడిసిపెట్టిన."

"రాసినంక ఇడిసిపెట్టు. ఒక్కటే మాట మామా, తండా ముచ్చట వద్దు. మన ఊరిదే రాయి."

అదెంత పని, రేపు పొద్దున్నే ఇస్తానన్నాను.

తండా నుంచి డప్పు వినబడుతోంది. తీజ్ పండగ నడుస్తోంది వాళ్ళకు. ఏటా హరిలాల్ స్వయంగా వచ్చి పిలిచేవాడు. పిలవకపోతే వెళ్ళడం మన పద్ధతి కాదు. నాకు డప్పు చప్పుడు పడదు కూడా. తల నొస్తుంది.

ఆగస్టు 22

"రేగులగట్టు కబడ్డీ క్లబ్బు 1985లో స్థాపించబడినది. మొట్టమొదటి కోర్టును"

ఇక్కడ ఆగాను. మొట్టమొదటి కోర్టును వేసింది లక్ష్మా. అంటే హరిలాల్ తండ్రి.

మళ్ళీ రాస్తాను. "మొట్టమొదటి కోర్టు వేయబడినది." ఎవరి చేత? దానంతట అదే పడిందా? చదివినవాళ్ళు నవ్వరూ?

ఆగస్టు 24

చరిత్ర రాయడం కష్టమేమీ కాదు. ముందు జరిగింది జరిగినట్టు నాకోసం రాసుకుంటాను. తర్వాత తండాను తీసేస్తే సరి, చేటలో రాళ్ళు ఏరినట్టు.

మేం బడిపిల్లలం. ఊరికీ తండాకూ నడుమ ఉన్న బీడులో ఆడేవాళ్ళం. అది ఎర్రటి మొరం నేల. పడితే మోకాళ్ళు, మోచేతులు చెక్కుకుపోయేవి. లక్ష్మా కాకా అక్కడే గొడ్లు కాసేవాడు. ఒకరోజు నా మోకాలు చూసి "చెరువు మన్ను తేపో మీ ఊర్లకెళ్ళి" అన్నాడు. మా నాయినా వాళ్ళూ బండ్లు కట్టి నల్లమన్ను తోలి పోశారు. రెండు వానలకు అది బర్రెలు పొర్లే మడుగైంది. కూతకు వెళ్ళినవాడు నడిగీత దాటి జారితే వెనక గీత దగ్గర తేలేవాడు. అప్పుడు లక్ష్మా కాకా వాగు నుంచి ఎర్రమన్ను తెచ్చి జల్లెడ పట్టి కలిపాడు. రెండు తట్టలు ఎర్రమన్నుకు ఒక తట్ట నల్లమన్ను. నీళ్ళు చల్లి, మమ్మల్నందరినీ చేతులు పట్టుకుని తొక్కమన్నాడు. ఆరిన తర్వాత ఆడితే పడ్డా మన్ను అంటేదే గానీ తోలు లేచేది కాదు.

అప్పటినుంచి ఏటా పెత్రమాస నాడు, బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, మన్ను కలుపుడు. పొద్దున ఊరు నల్లమన్ను తేవాలి, తండా ఎర్రమన్ను తేవాలి. ఆడవాళ్ళు సాయంత్రం బతుకమ్మ పేర్చుకునే లోపల తొక్కుడు అయిపోవాలి. ఎవరి మన్ను వాళ్ళే తేవాలి, ఒకరిది ఒకరు ముట్టకూడదు. అది లక్ష్మా కాకా పెట్టిన లెక్క. ఎందుకని అడిగితే "లేకుంటె ఒక్కలే అన్ని జేస్తరు, ఇంకొకలు సూస్తరు" అనేవాడు.

ఇందులోంచి తండాను తీసేస్తే నల్లమన్ను మడుగు మిగిలింది.

ఆగస్టు 25

చాందీ వచ్చింది. హరిలాల్ కూతురు. మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతుంది, మా అమ్మాయిల జట్టులో దానంత కూతగత్తె లేదు. తీజ్ ఆఖరి రోజు బుట్టల్లోంచి తీసిన గోధుమ మొలకలు అండాలు కొప్పులో పెట్టింది. నా చెవి మీదా పెట్టింది.

"మీ బాపు పంపిండా?" అన్నాను.

"బాపుకు తెల్వది కాకా." నా చెవి మీది మొలక సర్దుతూ, "తెల్వదని అనుకుంటున్న. నేను బండి తీస్తుంటె అటు తిరిగి కూసున్నడు" అంది.

దాని మోకాళ్ళకు పసుపు పట్టీలు ఉన్నాయి. కొత్త పంచాయతీ ఆఫీసు ముందు తండావాళ్ళు వేసుకున్న కోర్టు అంతా ఎర్రమన్నేనట. ఆ మొలకలు తీసి పారేయడం మరిచిపోయి అలాగే పడుకున్నాను.

ఆగస్టు 28

వాన. రాత్రీ పగలూ అదే. తండా దారిలో కల్వర్టు పక్కన రోడ్డు కోసుకుపోయిందట. ఊరి పంచాయతీ వాళ్ళది అంటోంది, తండా పంచాయతీ వీళ్ళది అంటోంది. గుంత మాత్రం ఎవరికోసమూ ఆగకుండా పెరుగుతోంది.

పాత గ్రౌండులో నీళ్ళు నిలిచాయి. అటు పని ఉండి వెళ్ళాను.

సెప్టెంబరు 3

యూరియా కోసం గూడూరు వెళ్ళాను. తెల్లవారకముందే వెళితే అప్పటికే నా ముందు పెద్ద వరుస. వరుసంటే మనుషులు కాదు, చెప్పులు. అంతసేపు నిలబడలేక అందరూ చెప్పులు వరుసలో పెట్టి చెట్ల కింద చేరారు. నా చెప్పులు పెట్టి తల వంచి చూస్తే పక్కనున్న జత హరిలాల్‌ది. కుడికాలి వారుకు ఇనుపతీగ చుట్టి ఉంటుంది, ఎక్కడైనా గుర్తుపడతాను. కొత్తవి కొనమని నాలుగేళ్ళుగా చెబుతున్నాను.

అతను కనబడలేదు. చాయ్‌కి పోయి ఎక్కడో నిద్రపోయినట్టున్నాడు. ఈలోగా వరుస కదిలింది. అందరూ పరుగెత్తి వచ్చి తమ తమ చెప్పులు జరుపుకున్నారు. నేను నావి జరిపాను. హరిలాల్‌వి అక్కడే ఉంటే వెనకవాళ్ళు వాటిని పక్కకు నెట్టేసేలా ఉన్నారు. వాటినీ జరిపాను. మధ్యాహ్నం దాకా అలాగే జరుపుతూ పోయాను. వెనకవాళ్ళకు అడ్డంగా ఉన్నాయనే. అంతకుమించి ఏమీ లేదు.

హరిలాల్ వచ్చి తన చెప్పులు కౌంటర్ దగ్గరికి చేరి ఉండటం చూశాడు. నావైపు చూడకుండా గాలితో అన్నట్టు "ఎవలో నా చెప్పులు ముంగటికి జరిపిండ్రు" అన్నాడు.

"వెనుకోళ్ళకు అడ్డమైతున్నయని ఎవలో జరిపి ఉంటరు" అన్నాను నేనూ గాలితోనే.

చెరొక బస్తా దొరికింది. అతని బస్తా అతను, నా బస్తా నేను ఎత్తుకున్నాం. ఎప్పుడూ ఇద్దరం కలిసి ఒక్కో బస్తా ఎత్తేవాళ్ళం. నడుము పట్టేసింది.

సెప్టెంబరు 4

గీత తొక్కాడనే అనుకుంటున్నాను. దుమ్ము కూడా లేచింది మరి.

సెప్టెంబరు 9

చరిత్ర, రెండో ప్రయత్నం. కోర్టు సంగతి వదిలేసి విజయాల దగ్గర మొదలుపెట్టాను.

"జనగామలో జరిగిన పోటీల ఫైనల్లో మన క్లబ్బు స్టేషన్ ఘన్‌పూర్ జట్టును ఒక్క పాయింటు తేడాతో ఓడించినది. చివరి కూతకు వెళ్ళిన"

చివరి కూతకు వెళ్ళింది హరిలాల్. నలుగురు మీద పడ్డారు. అంగీ చిరిగిపోయింది. ముఖం నేలలో ఉంది, అయినా కూత ఆపలేదు. ఒక చెయ్యి మాత్రం నడిగీత వైపు పాకుతోంది. నేను గీత ఇవతల పడుకుని "ఇంక జానెడే రా, జానెడే" అని అరుస్తున్నాను. అది జానెడు కాదు, బారెడు. అబద్ధం చెప్పాను. అబద్ధమని అతనికీ తెలుసు. అయినా వచ్చాడు.

చిరిగిన అంగీతో బస్సు ఎక్కలేనంటే నా అంగీ ఇచ్చాను. నేను కప్పును పొట్టకు అడ్డం పెట్టుకుని ఇంటిదాకా వచ్చాను.

ఆ తర్వాత ఆట ఆగిపోయిన రెండేళ్ళు. పదిమంది ఒకచోట కూడితే అడవిలోని అన్నలూ అడిగేవాళ్ళు, పోలీసులూ అడిగేవాళ్ళు, ఏం మాట్లాడుకుంటున్నారని. గ్రౌండుకు ఎవరూ వెళ్ళలేదు. కానీ రెండేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే కోర్టు అలాగే ఉంది. లక్ష్మా కాకా రోజూ గొడ్ల వెంట వెళ్ళి కలుపు పీకి నీళ్ళు చల్లేవాడట. ఆయనను ఎవరూ అడగలేదట, లేదా అడిగినా భాష రానట్టు నిలబడ్డాడట.

తండా ముచ్చట లేకుండా ఇంతవరకు తయారైన చరిత్ర: "రేగులగట్టు కబడ్డీ క్లబ్బు 1985లో స్థాపించబడినది."

అంతే. పరశురాములుకు అదే ఇచ్చాను. "గింతేనా మామా?" అన్నాడు. "గింతే" అన్నాను.

గూడూరులో ఆ రోజు నేనన్న మాట కూడా రాసేస్తాను, ఎందుకో లోపల ముల్లులా ఉంది. "మీ పంచాయతి మీకొచ్చె, ఇగ మాతోని ఏం పనిర" అన్నాను. కోపంలో ఎవరైనా అంటారు. అతను అనలేదా?

సెప్టెంబరు 14

బడి వెనక కొత్త కోర్టు చూశాను. పరశురాములు వాళ్ళు చెరువు మన్ను ఒక్కటే పోశారు. చిన్న జల్లు పడితే పిల్లలు చేపల్లా జారారు. రెండు రోజులు ఎండ కాస్తే సిమెంటు గచ్చులా బిగుసుకుని పగిలింది. ఒకడి మోచెయ్యి వాచింది. ఎముక విరగలేదని ఎక్స్‌రే తీసి చెప్పేదాకా వాడి తల్లి ముఖం చూడలేకపోయాను.

దీని మీదా భూపాలపల్లివాళ్ళను ఆడించేది? ఎవడికైనా మెడ మీద దెబ్బ తగిలితే?

నిజం రాసుకోవాలంటే, నా బాధ కోర్టు ఒక్కటే కాదు. దసరా ఆట కలిసి ఆడకపోతే ఇక మళ్ళీ హరిలాల్‌తో ఒకచోట నిలబడే సందు ఉండదు. అతని పొలం వేరు, నా పొలం వేరు. పెళ్ళిళ్ళకు పిలుచుకుంటాం, రెండు చేతులు జోడించుకుంటాం, అక్షింతలు వేసి వస్తాం. అలా బతికేవాళ్ళు లేరా? ఉన్నారు. నాకు చేతకావడం లేదు. ఇంత వయసొచ్చి, ఒక మనిషి మాట్లాడలేదని అన్నం సయించకపోవడం ఏమిటో.

సెప్టెంబరు 19

పరశురాములు గుసగుసగా చెప్పాడు. రేపు తెల్లవారుజామున వాగు ఒడ్డుకు ట్రాక్టర్ తోలి ఎర్రమన్ను తెచ్చుకుంటారట, తండా లేవకముందే.

"అడిగి తేవచ్చు గదరా" అన్నాను.

"అడుగుడా? నువ్వు అడుగు మామా, నేను తెస్త."

నేను అడగలేదు. కుర్రాళ్ళు తప్పుడు మన్ను తెస్తారని తోడు వెళ్తానన్నాను. ఎల్లుండే పెత్రమాస. దొంగతనం అనడానికి లేదు. మన్ను ఎవరి సొత్తు?

సెప్టెంబరు 20

నవ్వి నవ్వి పక్కటెముకలు నొస్తున్నాయి. అంతా రాస్తాను.

ఇంకా మసక ఉండగానే వెళ్ళాం. అక్కడికి చేరాక తెలిసింది నా పరిస్థితి. ఇన్నేళ్ళుగా తండావాళ్ళు తెచ్చిన మన్ను తొక్కానే గానీ వాళ్ళు ఎక్కడ తవ్వుతారో ఒక్కసారైనా చూసినవాణ్ణి కాదు. పరశురాములు ముందు ఒప్పుకుంటే పరువు పోతుంది. ఎర్రగా కనబడిన చోటు చూపించి "గిక్కడనే" అన్నాను. ట్రాలీ నింపుకుని బయలుదేరాం.

కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఇంకో ట్రాక్టర్. అది ఊరివైపు నుంచి తండాకు వస్తోంది. తోలుతున్నది చాందీ. పక్కన ముఖానికి తువ్వాల చుట్టుకుని ఒక మనిషి. తువ్వాల ఎంత చుట్టుకుంటే మాత్రం? ఇనుపతీగ చెప్పులు కనబడుతూనే ఉన్నాయి. వెనక ట్రాలీ నిండా చెరువు మన్ను, నీళ్ళు కారుతున్నాయి.

దారి ఒక్క బండికే సరిపోతుంది. ఒకవైపు కోసుకుపోయిన గుంత. ట్రాలీలతో వెనక్కి తీయడం ఇద్దరికీ కాదు. రెండు ఇంజన్లూ కాసేపు ఒకదాన్నొకటి చూసుకుంటూ పొగ వదిలాయి.

చాందీయే ముందు మాట్లాడింది. "ఎటువోయొస్తున్నవ్ కాకా?"

"కొట్టంల నేల పాడైంది. మెత్తుదామని జరంత మన్ను తెస్తున్న. మీరు?"

"మా యాడి బంతిచెట్లు వెట్టింది. వాటికి." వాళ్ళ భాషలో యాడి అంటే అమ్మ.

"ట్రాలీ నిండనా?" అన్నాడు పరశురాములు.

"శానా వెట్టింది."

హరిలాల్ దిగాడు. నేరుగా మా ట్రాలీ దగ్గరికి వచ్చి గుప్పెడు మన్ను తీసి అరచేతిలో నలిపాడు. ముఖం మీది తువ్వాల పీకేశాడు.

"గిదేం మన్నురా? ఉత్త మొరం! గీ కంకర మీద పడేస్తవార పోరగాండ్లను? వాగు మలుపు కాడ తీస్తరు, పైన జానెడు పక్కకు గొట్టి. జల్లెడ వడ్తరు. గింత గూడ తెల్వదా నీకు?"

నాకూ మండింది. ఎగిరి అతని ట్రాలీ ఎక్కాను. చెయ్యి పెడితే కంపు. "నీదేం సక్కగున్నదిర? పచ్చి మన్ను! చెరువంచుకు తీసినవ్. దీన్ల నత్తగుల్లలున్నయ్ సూడు, కాలుకు దిగితె ఏమైతది? ఎండకాలం తీసి కట్టకింద కుప్పవోసింది తియ్యాలె. ఒక ఎండకాలమన్న ఎండాలె. గిది ఆరినంక పలుగుతది!"

"మరి నాకు ఎవడు జెప్పిండు? నువ్వు తెస్తుంటివి!"

"నాకెవడు జెప్పిండు? నువ్వు తెస్తుంటివి!"

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తెలిసింది, మాట్లాడుతున్నామని. నోళ్ళు మూసుకున్నాం. కొట్టానికీ లేదు, బంతిచెట్లకూ లేదు, ఇద్దరూ దేనికి బయలుదేరారో నలుగురికీ తెలిసిపోయింది. చాందీ స్టీరింగు మీద తల వాల్చి నవ్వడం మొదలుపెట్టింది. పరశురాములు ఆపుకోలేక ట్రాక్టర్ చాటుకు పోయాడు.

హరిలాల్ గుంత వైపు చూపించాడు. "గీ గుంత ఎవల పంచాయతిదిర?"

"మీదే."

"మాది గాదు, మీది."

"అయితె ఇద్దరిది" అన్నాను.

"ఒంపు మరి" అన్నాడు.

ముందు మా మొరం, దాని మీద వాళ్ళ బురద. ఊరి పారా, తండా పారా కలిపి మూడు వారాలుగా ఎవరూ పూడ్చని గుంతను పూడ్చేశాం. కోర్టుకు పనికిరాని మన్ను రోడ్డుకు బ్రహ్మాండంగా సరిపోయింది. తొక్కుతుంటే హరిలాల్ నా పక్కనే ఉన్నాడు. కిందికి చూస్తూ అన్నాడు.

"తొక్కిండురా."

"ఏంది?"

"పిల్లగాడు గీత తొక్కిండు. నేను గూడ సూసిన."

నా కాళ్ళు ఆగిపోయాయి. "మరి గట్లెందుకన్నవ్ అందరి ముంగట?"

"ఓడిపోతుంటె మంట లేసి గట్లన్న. నువ్వు ఔటిచ్చినందుకు గాదు నాకు దుఃఖం. పంచాయతి మాకొచ్చింది, నిజమే. నిన్ను పొమ్మన్ననార? మాతోని ఏం పని అన్నవ్. ఆ మాట నువ్వంటివి, ఇంకొకడు అంటె నవ్వి ఊకుందు."

నెల రోజులుగా నా తరఫున కట్టుకున్న వాదనలన్నీ ఉన్నాయి నా దగ్గర. అన్నీ పక్కన పెట్టాను. "అనొద్దుండె" అన్నాను. అతను తల ఊపాడు. ఇంకొంచెం తొక్కాం. గుండెల మీద నుంచి బస్తా దింపినట్టయింది. ఏడుపొస్తుందేమోనని పరశురాములును గట్టిగా తిట్టాను, పారా సరిగ్గా వేయడం లేదని.

ఆ తర్వాత హరిలాల్‌ను కట్టకిందికి తీసుకెళ్ళి కుప్ప చూపించాను. అతను నన్ను వాగు మలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎవరి మన్ను వాళ్ళే తేవాలన్న లక్ష్మా కాకా లెక్క తప్పామా అంటే, "తప్పలే. సూసినం గంతే. తెచ్చేది ఎవలది వాళ్ళమే" అన్నాడు హరిలాల్. లాయర్ కావలసినవాడు.

సెప్టెంబరు 21

పెత్రమాస. పాత గ్రౌండులో మన్ను కలుపుడు. రెండు తట్టలకు ఒక తట్ట. ఊరు, తండా, చేతులు పట్టుకుని తొక్కాం. నాకూ హరిలాల్‌కూ నడుమ చోటు వదిలి నిలబెట్టారు పిల్లలు, ఇంకా భయం వాళ్ళకు. మేమే జరిగాం.

సెప్టెంబరు 22

ఆకలి వేస్తోంది. పొద్దున నాలుగు రొట్టెలు తిన్నాను. "క్లబ్బు ఇడిసిపెట్టినవు గద" అంది అండాలు. విననట్టు ఇంకో రొట్టె అడిగాను.

సెప్టెంబరు 26

చరిత్ర, మూడో ప్రయత్నం. హరిలాల్‌ను కూర్చోబెట్టుకున్నాను. తండా పిల్లలు అతన్నీ అడిగారట, ఊరి ముచ్చట లేకుండా చెప్పమని. "మొదలువెడితె చాలు, ప్రతి ముచ్చట్ల నువ్వు అడ్డమొస్తున్నవ్ర" అన్నాడు.

కలిసి రాయడం ఇంకా కష్టమైంది. ప్రతి వాక్యానికీ పేచీ. జనగామలో మీద పడింది నలుగురు కాదు ఐదుగురట. నేను గీత దగ్గర పడుకోలేదట, కూర్చున్నానట. లక్ష్మా కాకా నా మోకాలు చూసి కాదట మన్ను తెమ్మంది, హరిలాల్ మోకాలు చూసట. ఆయన ఉంటే అడిగేవాళ్ళం.

చివరికి విసుగొచ్చి పరశురాములూ చాందీ కూర్చుని వాళ్ళే రాసి అచ్చు వేయించారు. కరపత్రం చూశాను, నా పేరూ ఉంది. "నలభై ఏళ్ళ కిందట ఊరూ తండా కలిసి మొదలుపెట్టిన ఆట. మిగతా సంగతులు కుమారస్వామిని గానీ హరిలాల్‌ను గానీ అడగగలరు. ఇద్దరిని ఒకేసారి అడగరాదు."

అక్టోబరు 2

దసరా. గాంధీ జయంతి కూడా కావడంతో మాంసం దుకాణాలు మూసి, ఊళ్ళో పండగ ముక్క మీద గొడవ. ముందురోజే తెచ్చుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళు. మా ఇంట్లో పప్పు.

జట్లన్నీ వచ్చాయి. భూపాలపల్లి కెప్టెన్ కోర్టు మీద బొటనవేలితో నొక్కి చూసి "గీ మన్ను ఎక్కడిదే?" అని అడిగాడు. హరిలాల్ నావైపు చూశాడు, నేను హరిలాల్ వైపు చూశాను. చెప్పలేదు.

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన రెఫరీ తీరా ఆట మొదలయ్యే వేళకు ఈల మరిచిపోయి వచ్చానన్నాడు. మైకులో అడిగారు, ఎవరి దగ్గరైనా ఈల ఉందా అని. నేను నేలచూపులు చూస్తున్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి అండాలు లేచి నిలబడింది.

"ఆయన జేబుల సూడుండ్రి! అటుక మీద పడేసినన్నడు గని, అంగీ ఉతికేటప్పుడల్ల నేనే తీసి పెడ్తున్న!"

గ్రౌండంతా నవ్వింది. హరిలాల్ దగ్గరికి వచ్చి నా జేబులో చెయ్యి పెట్టి తనే తీశాడు. చెమటకు తడిసి ఉంది. తన పంచెకు తుడిచి రెఫరీకి ఇచ్చాడు.

ఫైనల్లో ఓడిపోయాం, భూపాలపల్లి చేతిలో. బొగ్గుగని పిల్లలు, ఒక్కొక్కడి పట్టు ఉడుంపట్టు. కానీ ఒకే జట్టుగా ఓడిపోయాం, ఎవరి మోకాలూ చెక్కుకుపోలేదు. అమ్మాయిల ఆటలో చాందీ గెలిపించింది. కప్పు ఈ ఏడు ఎవరింట్లో అని పేచీ వస్తే, చాందీ నేరుగా తెచ్చి అండాలు చేతిలో పెట్టింది.

వచ్చే పంద్రాగస్టుకు గూడూరులో మళ్ళీ రెండు జట్లే. వాళ్ళ నియమం వాళ్ళది. ఈల మాత్రం చచ్చినా పట్టను. దసరాకు మటుకు ఒకటే జట్టు అని హరిలాల్ మైకులో చెప్పేశాడు, నన్ను అడగకుండానే. అడగలేదని కాసేపు అలిగాను. మంచి అలక.

అక్టోబరు 3

ఒళ్ళంతా నొప్పులు. గొంతు పోయింది. ఆలస్యంగా లేచాను. రాత్రి జట్లను బస్సు ఎక్కించి వచ్చి మాట్లాడుకుంటూ ఇక్కడే పడుకున్నాడు హరిలాల్, ఇంకా వాకిట్లో మంచం మీద గురక పెడుతున్నాడు.

గుమ్మం ముందు నా చెప్పుల పక్కన ఇనుపతీగ చెప్పులు ఉన్నాయి. సగం దారికి అడ్డంగానే ఉన్నాయి. అండాలు చీపురుతో వచ్చి "జరుపు, ఊడ్వాలె" అంది.

"ఉండనియ్యి" అన్నాను.